పదమూడో మేజరు మహారాజు

మానవ పరిపాలనా చరిత్రలో ఇంతవరకు ఎవరూ నమోదు చేయని ఆచారం ఒకటుంది. పల్నాడులో, పెద్దకాలువ నుంచి చీలిన పదమూడో మేజరు కాలువ మీద, అడ్డ షట్టరు ఎత్తే ముందు లస్కరు షేక్ బాజీ తువ్వాలు భుజాన సర్దుకుని, గొంతు సవరించుకుని, తాను ఎవరి ఆజ్ఞ మీద ఎత్తుతున్నాడో రెండు గట్లకూ వినబడేలా ప్రకటిస్తాడు.

"చైర్మన్ గారి మాట మీద షట్టరు లేస్తా ఉందహో!"

వినడానికి సాధారణంగా నాలుగు కొంగలు, ఒక గేదె హాజరవుతాయి. కొంగలు ఎగిరిపోయి, ప్రకటన ముగిశాక మళ్లీ వాలతాయి. సభ వాయిదా పడి తిరిగి సమావేశమైనట్టే ఉంటుంది. 1997లో నీటి సంఘాలు వచ్చిన ఏడాది మొదలైన ఈ ఆచారం నేటివరకు ఒక్క పూట తప్పలేదు. మధ్యలో సంఘాలకు ఎన్నికలు జరగని కాలంలో, అంటే కాలువకు రాష్ట్రపతి పాలన వచ్చినప్పుడు, "ఏఈ గారి మాట మీద" అని ఇంజనీరు పేరు మీదికి సవరించి పలికాడే గాని మానలేదు.

దీని పుట్టుక మీద పండితుల్లో మూడు వాదాలున్నాయి. దిగువన గేదెలు కడిగేవాళ్లను హెచ్చరించడానికని ఒకటి. తండ్రి నుంచి వచ్చిన అలవాటని ఇంకొకటి. మూడోది బాజీ భార్య మస్తాన్‌బీది. "ఆయనకి ఇంట్లో మాట్టాడే సందు దొరకదు. కాలవ మీద తీర్చుకుంటాడు" అంటుందామె. అసలు కారణం బాజీని అడిగితే సిగ్గుపడి, రెండుసార్లు దాటవేసి, మూడోసారి చెప్పాడు. "ఇనప చక్రం తిప్పేది నా చెయ్యే గదా. రోజూ తిప్పతా తిప్పతా ఉంటే నీళ్లు నావేనని నాకే అనిపిచ్చుద్ది. అందుకని నాకు వినపడేటట్టు అరుస్తా."

ఈ మాట విన్నాక రాజ్యాంగ శాస్త్రం మీద ఇంగ్లీషులో ఉన్న లావుపాటి పుస్తకాలు కొన్నింటిని నిర్భయంగా పక్కన పెట్టవచ్చు.

లస్కరంటే కాలువ కావలివాడు. గట్టు మీద తిరగాలి, గండి పడితే కబురు చెయ్యాలి, షట్టరు ఎత్తమంటే ఎత్తాలి, దించమంటే దించాలి. బాజీ ఈ పదవికి ఎన్నిక కాలేదు, పరీక్ష రాయలేదు. తండ్రి మౌలాలి లస్కరుగా ఉండగానే చనిపోతే, ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. మన దేశం రాజరికాలను రద్దు చేసిందని బడి పుస్తకాల్లో ఉంటుంది. వారసత్వ సింహాసనం మాత్రం కారుణ్య నియామకం అనే పేరుతో సర్వీసు రూల్సులో భద్రంగా ఉంది. రాజదండం స్థానంలో మూరెడు పొడవున్న ఇనప హ్యాండిలు ఉంది. దాన్ని చక్రానికి తగిలిస్తేనే షట్టరు కదులుతుంది. బాజీ దాన్ని ఇంట్లో మంచం కింద గోనెపట్టాలో చుట్టి దాస్తాడు.

ఇక రాజ్యం సంగతి. పదమూడో మేజరు కింద అయిదు ఊళ్లున్నాయి. ప్రతి ఊరికీ ఒక నీటి సంఘం. రైతులు సభ్యులను ఎన్నుకుంటారు, సభ్యులు తమలోంచి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. అయిదు ఊళ్ల అధ్యక్షులూ కలిస్తే మేజరు కమిటీ. ఆ అయిదుగురిలో ముగ్గురి మద్దతు ఎవరికుంటే వాళ్లు చైర్మన్. ముగ్గురు ఇద్దరైన రోజున చైర్మన్ మాజీ అవుతాడు. పార్లమెంటరీ విధానం అంటే ఇంతే. మిగతాదంతా భవనాల ఖర్చు.

అధికారాల పంపకం కూడా ఫెడరల్ పద్ధతిలోనే జరిగింది. పెద్దకాలువకు నీళ్లు ఎప్పుడు వదలాలో పైవాళ్ల ఇష్టం. మేజరు మీద ఏ ఊరికి ఎన్ని రోజులో కమిటీ ఇష్టం. పొలం కాలువలో పూడిక ఎవరు తీయాలో ఊరి సంఘం ఇష్టం. ఏ జాబితాలోనూ చేరని అంశం ఒకటే మిగిలింది, గట్టు మీది తుమ్మచెట్లు. నరికి అమ్మేటప్పుడు అవి ముగ్గురివీ. గాలికి కాలువలో పడితే ఎవరివీ కావు, బాజీ తియ్యాలి.

ఇలాంటి ఏర్పాటు లోకంలో మరికొన్ని చోట్ల ఉంది. కెనడాలో, ఆస్ట్రేలియాలో రాష్ట్రాలున్నాయి, పార్లమెంటుంది, పైన రాజున్నాడు. రాజు కాపురం సముద్రాల అవతల కాబట్టి ఆయన బదులు గవర్నర్ జనరల్ సంతకాలు పెడతాడు. మలేసియాలో తొమ్మిది రాజకుటుంబాలు సింహాసనానికి వారబందీ వేసుకున్నాయి. అయిదేళ్లు ఒకరి వంతు, తర్వాత అయిదేళ్లు మరొకరి వంతు. కాలువ కింద సేద్యం చేసేవాడికి ఇంతకన్నా తేలిగ్గా అర్థమయ్యే రాజరికం లేదు. ఈ దేశాలన్నిటిలో చట్టం రాజు పేరున వెలువడుతుంది, నిర్ణయం మాత్రం మంత్రులది. రాజుకు మిగిలేవి మూడు హక్కులు. తనను సంప్రదించాలని అడగవచ్చు, ప్రోత్సహించవచ్చు, హెచ్చరించవచ్చు. నాలుగోది గాజు బీరువాలో పెట్టిన తుపాకి లాంటిది. ఎవరికి మెజారిటీ ఉందో తేలనప్పుడు ఎవరి మాట వినాలో తేల్చాలి. దాన్ని బయటికి తీస్తే గొడవే. ఆస్ట్రేలియాలో గవర్నర్ జనరల్ ఒకసారి తీసి ప్రధానమంత్రిని ఇంటికి పంపితే, యాభై ఏళ్లయినా అక్కడివాళ్లు ఇంకా దాని మీదే పోట్లాడుకుంటున్నారు.

బాజీకి ఆస్ట్రేలియా సంగతి తెలియదు. ఈ జనవరిలో ఒక సోమవారం సాయంత్రం అయిదింటికి, ఆ బీరువా ముందుకే వచ్చి నిలబడ్డాడు.

అడ్డ షట్టరు ఉన్నది సరిగ్గా ఎగువ రెండు ఊళ్లకూ దిగువ మూడు ఊళ్లకూ మధ్య. అది మూసి ఉంటే నీళ్లు వెనక్కి ఎగదన్ని పై ఊళ్ల తూముల్లోకి ఎక్కుతాయి. ఎత్తితే కిందికి పారతాయి. అయిదు రోజులు మూత, అయిదు రోజులు ఎత్తుడు. ఆ లెక్కన మంగళవారం పొద్దున కింది ఊళ్ల వంతు మొదలవ్వాలి. అన్నిటికన్నా కింద, కాలువ కొనన ఉన్నది కొండకిందిపాలెం. అక్కడ ప్రమీలమ్మ కౌలుకు చేసే రెండెకరాల మిరపతోట పూత మీద ఉంది. నేల నోళ్లు తెరిచింది. వారంలోపు ఒక తడి అందకపోతే పూత రాలిపోతుంది, రాలితే ఆ ఏటికి ఆమె సేద్యం అయిపోయినట్టే. ఆ తోటకు అవతల, కాలువలో చిట్టచివరి తూము కింద, మస్తాన్‌బీ పేరు మీద ఒక ఎకరం మిరప కూడా ఉంది. అంటే రాజుగారి సొంత భూమి.

ఆ సాయంత్రం బాజీ చేతికి పది నిమిషాల తేడాతో రెండు ఆజ్ఞలు అందాయి. మొదటిది ఎగువ ఊరు ఎర్రబోడు నుంచి మోటారుసైకిలు మీద వచ్చింది. చైర్మన్ కోటేశ్వరరావు, మరో ఇద్దరి సంతకాలతో. తమ ఊళ్లో మొక్కజొన్న కంకి దశలో ఉన్నందున అడ్డ షట్టరు మరి నాలుగు రోజులు మూసి ఉంచవలెను. రెండోది కొండకిందిపాలెం సంఘం అధ్యక్షురాలు సుకన్య స్వయంగా తెచ్చింది. కమిటీలో మెజారిటీ తీర్మానం ప్రకారం తాను చైర్మన్ అయినందున, వంతు ప్రకారం మంగళవారం షట్టరు పూర్తిగా ఎత్తవలెను. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయిన లెటర్‌ప్యాడ్ల మీదే ఉన్నాయి. బాజీ కళ్లజోడు పెట్టుకుని ఎత్తిన సందేహం మాత్రం రాజ్యాంగ ధర్మాసనానికి తగినది.

"సుకన్యమ్మా, కమిటీలో ఉండేది అయిదుగురే గదా. ఈ కాయితం మీద మూడు సంతకాలు, ఆ కాయితం మీద మూడు. ఆరో ఆయన ఎవరు?"

ఆరో ఆయన రామకృష్ణ. మధ్య ఊరు మద్దిగుంట అధ్యక్షుడు. మద్దిగుంటలో బోర్లు బాగా పడ్డాయి కాబట్టి కాలువ విషయంలో ఆయనకు నిష్పాక్షికత సహజంగా అబ్బింది. టీ తాగించి ఎవరు కాగితం చాపినా సంతకం పెడతాడు, ఈ రెండు కాగితాల మీదా అలాగే పెట్టాడు. ఇన్నాళ్లూ కోటేశ్వరరావు పక్షాన ఉండి ఆయన ప్రభుత్వాన్ని నిలబెట్టింది ఈయనే. ఆ నెల మొదట్లో కమిటీ సమావేశంలో చేతుల కుర్చీలు నాలుగే దొరికాయి. అయిదో సభ్యుడికి చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అందులో కూర్చున్నది రామకృష్ణ. ప్రభుత్వాలు కూలడానికి ప్రజా సమస్యలే కారణమని నమ్మేవారు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగవచ్చు.

బాజీ ఏఈ అరుణ్ కుమార్‌కు ఫోను చేశాడు. ఆయన ఎక్కడో శిక్షణ తరగతిలో ఉన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "బాజీ గారూ, చైర్మన్ ఎవరో ఆ అయిదుగురినే తేల్చుకోమనండి. ఎవరి పేరు చెబితే వాళ్లని నేను రికార్డులో రాస్తా. నన్ను మాత్రం తేల్చమనొద్దు." సముద్రాల అవతలి రాజులు కూడా ఇంతకన్నా క్లుప్తంగా చెప్పలేరు.

ఫోను పెట్టేసేసరికి ప్రమీలమ్మ వచ్చి వంతెన మీద చతికిలబడి ఉంది.

"బాజీ, హ్యాండిలు యాడ పెట్టావు?"

"ఇంట్లో ఉందక్కా. మంచం కింద."

"మంచం కింద పెడితే పొదిగి పిల్లల్ని చేసుద్దా ఏంది? తీసకరా. తిప్పు."

"ఎవరి మాట మీద తిప్పమంటావు?"

"నా మాట మీద తిప్పు. పూత రాలిపోతా ఉంది, దాని మాట మీద తిప్పు."

"నీ మాట మీద ఈ రోజు తిప్పితే, రేపు ఎర్రబోడోళ్లు పది మందొచ్చి వాళ్ల మాట మీద మూయమంటారు. వాళ్లు పది మంది, నువ్వు ఒక్కదానివి. నీకే నష్టం అక్కా."

"చానా చదివావులే. నీ రూలు నా తోటకి తడి పెడతదా?"

"రేపు పొద్దున దాకా ఓపిక పట్టు."

"నేను పడతాలేరా. నా చెట్లకి చెప్పు."

బాజీ ఆ మాటను మోసుకుని ఇంటిదారి పట్టాడు. ఇంటికి పోతే మస్తాన్‌బీ దగ్గర ఇంకొకటి సిద్ధంగా ఉంది.

"మన ఎకరం కూడా ఆ చివరే ఎండతా ఉంది. చేతిలో హ్యాండిలు పెట్టుకోని కాయితాలు సూస్తా కూర్చున్నావంట. ఊరంతా నవ్వతా ఉంది."

"అందుకే తిప్పకూడదే. మనది ఆడ లేకపోతే తిప్పినా తిప్పేవాణ్ణి."

మస్తాన్‌బీ కంచం ముందుకు తోసి, "అన్నం తిను" అంది. దీన్ని రాజ్యాంగ పరిభాషలో ఆమోదం అనవచ్చు.

తినక ముందే బాజీ అయిదుగురికీ ఫోను చేసి ఒకే మాట చెప్పాడు. కాగితాలు తనకు వద్దు. తెల్లవారి ఏడింటికి అడ్డ షట్టరు దగ్గరికి అయిదుగురూ రావాలి. కోటేశ్వరరావు గారి వైపు ఉన్నవాళ్లు ఎడమ గట్టున నిలబడాలి, సుకన్య వైపు ఉన్నవాళ్లు కుడి గట్టున. ఏ గట్టు మీద ముగ్గురుంటే ఆ గట్టు మాట చెల్లుతుంది. ఎవరి బలమెంతో రాజుగారి వరండాలో కాక సభలో తేలాలనే ఈ సూత్రం కోసం పెద్ద పెద్ద దేశాలు కోర్టులకెక్కాయి. ఇక్కడ ఒక లస్కరు అన్నం చల్లారకుండా తేల్చేశాడు.

మంగళవారం పొద్దున ఏడు కాకముందే రెండు గట్ల మీదా జనం చేరారు. ఎడమ గట్టున కోటేశ్వరరావు, ఆయన పక్కన ఎగువ రెండో ఊరి అధ్యక్షుడు. కుడి గట్టున సుకన్య, ఆమె పక్కన దిగువ నాలుగో ఊరి అధ్యక్షుడు. వంతెన మీద చక్రం పక్కన బాజీ, ఇస్త్రీ చొక్కాలో. హ్యాండిలు గోనెపట్టాలోనే ఉంది.

రామకృష్ణ ఏడుంపావుకు వచ్చాడు. ఎడమ గట్టు చూశాడు, కుడి గట్టు చూశాడు, నేరుగా వచ్చి వంతెన మీద బాజీ పక్కన నిలబడ్డాడు.

"ఏంది రామకృష్ణ గారూ, ఈడ నిలబడ్డారు?"

"నేను న్యూట్రల్ బాజీ."

"ఈ వంతెన మీద న్యూట్రల్‌గా ఉండే ఉజ్జోగం ఒకటే ఉందయ్యా. దానికి నేను జీతం తీసుకుంటన్నా. మీరు దిగాలి."

రెండు గట్లూ నవ్వాయి. రామకృష్ణ దిగలేదు. మెడ గోక్కుంటూ, రెండు ఊళ్లతోనూ తమకు బంధుత్వాలున్నాయని, ఎవరినీ కాదనలేనని, పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుంటే పోయేదని చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి ఎండ చురుక్కుమంటోంది. కుడి గట్టు మీద ప్రమీలమ్మ కొంగు నెత్తిన వేసుకుని, మూసిన షట్టరు వంకే చూస్తోంది. హ్యాండిలు మీద బాజీ చెయ్యి ఒకసారి బిగిసింది. గోనెపట్టా ముడి సగం ఊడింది కూడా. మళ్లీ తనే ముడి వేశాడు.

అప్పుడు కోటేశ్వరరావు చేసిన పొరపాటు ఒక్క పల్నాటి మనిషి మాత్రమే చేయగలిగింది. మీసం మీద చెయ్యేసి, జనం వినేటట్టు హాస్యమాడాడు.

"ఒరేయ్ రామకృష్ణా! ఈ గట్టుకి రారా. చేతుల కుర్చీ తెప్పిచ్చి పెడతాలే!"

ఎడమ గట్టు విరగబడి నవ్వింది. రామకృష్ణ నవ్వలేదు. పంచె అంచు ఎత్తి పట్టుకుని, వంతెన దిగి, కుడి గట్టుకు నడిచి, సుకన్యకు రెండు గజాల దూరంలో వీపు ఎడమ గట్టు వైపు పెట్టి నిలబడ్డాడు. ప్రభుత్వం పడిపోయింది.

బాజీ వేలితో లెక్కపెట్టాడు. ఎడమ ఇద్దరు, కుడి ముగ్గురు. ఎవరూ కాదనకుండా రెండోసారి పైకి లెక్కపెట్టాడు. తర్వాత కుడి గట్టు వైపు తిరిగి, నిన్నటి సాయంత్రం దాకా సుకన్యమ్మా అని పిలిచిన మనిషితో అన్నాడు.

"చైర్మన్ గారూ, ఆజ్ఞ ఏంది?"

సుకన్య ఎవరిని పిలిచాడోనని వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత ముఖం ఎర్రబడింది. "షట్టరు పూర్తిగా ఎత్తండి బాబాయ్" అంది. ఒక్క క్షణం ఆగి, "బాజీ గారూ" అని దిద్దుకుంది.

"ఎత్తుతానమ్మా. ఒక మాట ముందే చెబుతన్నా. ఆరో నాడు మళ్లీ పై ఊళ్ల వంతు. వాళ్ల మొక్కజొన్న కూడా పైరే. ఆ పొద్దున ఇంకో నాలుగు రోజులని నాకు కాయితం పంపొద్దు. పంపితే చేస్తా, మీరు చైర్మన్ గదా. కానీ పంపొద్దు."

హెచ్చరించే హక్కును ఇంతకన్నా చక్కగా వాడిన రాజు కెనడాకు గాని ఆస్ట్రేలియాకు గాని దొరికాడని చరిత్రలో లేదు.

కోటేశ్వరరావు గట్టు దిగబోతూ ఆగాడు. "బాజీ! నీ ఎకరం తడుపుకోవడానికి ఇదంతా చేశావని ఊరూరా చెబుతా. నిన్ను ఈ కాలవ మీద లేకుండా చేస్తా."

"చెప్పండి కోటేశ్వరరావు గారూ. నా తూము అన్నిటికన్నా చివర. అందరికీ పారినాకే నాకు. మీరు కూడా రేపో మాపో మళ్లీ చైర్మన్ అవుతారు. ఆ రోజు మీ మాట మీదే తిప్పుతా. ఈ చక్రానికి ఎవరి మీదా కోపం లేదు."

చైర్మన్ గారూ అనలేదని కోటేశ్వరరావు గమనించాడు. అందరూ గమనించారు. ఆయన మోటారుసైకిలు ఎక్కి, స్టార్టు చేసి, ఎందుకో ఇంజను ఆపి, అక్కడే కూర్చున్నాడు. ఓడిన మనిషి పోకుండా ఉండి చూడటం కూడా ప్రజాస్వామ్యంలో భాగమే, పెద్దగా ఎవరూ మెచ్చుకోని భాగం.

బాజీ గోనెపట్టా విప్పి హ్యాండిలు చక్రానికి తగిలించాడు. తువ్వాలు సర్దుకున్నాడు. ఆ పొద్దున రెండు గట్ల మీదా కలిపి రెండొందల మందికి తక్కువ లేరు.

"కొత్త చైర్మన్ సుకన్య గారి మాట మీద షట్టరు లేస్తా ఉందహో!"

చక్రం కిర్రుమంది. కింద నుంచి నీళ్లు మట్టిరంగులో నురగ కక్కుకుంటూ దూకాయి. జనం ఈల వేశారు. ప్రమీలమ్మ లేచి, కొంగు దులుపుకుని, గట్టు వెంట కొండకిందిపాలెం వైపు నడక మొదలుపెట్టింది. నీళ్లకన్నా ముందు పోయి తూము దగ్గర నిలబడాలి కదా.

బుధవారం మధ్యాహ్నానికి నీళ్లు కొండకిందిపాలెం చేరాయి. ఆ సాయంత్రానికి ప్రమీలమ్మ రెండెకరాలూ తడిశాయి. పూత నిలబడింది. మస్తాన్‌బీ ఎకరం శుక్రవారం తడిసింది. ఆరో నాడు సుకన్య దగ్గర నుంచి ఏ కాగితమూ రాలేదు, షట్టరు వేళకు దిగింది. ఏఈ గారు శిక్షణ నుంచి తిరిగివచ్చి, మంగళవారం ఉదయం కమిటీ చైర్మన్ ఆదేశం మేరకు అడ్డ షట్టరు పూర్తిగా ఎత్తబడినట్టు రిజిస్టరులో రాసి సంతకం చేశారు.

ఆ షట్టరును పైకి లాగే స్క్రూ తుప్పు పట్టి ఆరేళ్లయింది. ఎవరి మాట మీద పూర్తిగా ఎత్తినా అది పదకొండు అంగుళాలకు మించి లేవదు.